బొమ్మల వీడియో అయినంత మాత్రాన పిల్లలది కాదు: చూపించే ముందు పరీక్షించే పద్ధతి

మొన్నటి వేసవి సెలవుల్లో ఒక మధ్యాహ్నం హనుమకొండలోని మా ఇంటి వరండాలో మా బిడ్డ బొమ్మలతో ఆడుకుంటోంది. దానికి ఏడేళ్లు. ఒక బొమ్మను పీట మీద దర్జాగా కూర్చోబెట్టింది, రెండో బొమ్మను గోడకు ఆనించి నిలబెట్టింది, ఆపైన గొంతు బరువు చేసి "నీ మొఖానికి గంజే ఎక్కువ, పెరుగన్నం నా కొడుక్కు" అన్నది. మా ఇంట్లో అటువంటి మాట ఎవరూ అనరు. మా అమ్మకూ నా భార్యకూ ఎప్పుడైనా మాటామాటా వచ్చినా అది చాయ్‌లో చక్కెర దగ్గర మొదలై చాయ్ చల్లారేలోగా ముగుస్తుంది. ఆరా తీస్తే, నెల రోజులుగా బాపమ్మ ఫోన్‌లో బిడ్డ చూస్తున్నవన్నీ అత్తాకోడళ్ల బొమ్మల కథలేనని తేలింది. అమ్మను అడిగితే, "గవి బొమ్మల కతలే గదరా, పిల్లలయే" అన్నది.

ఆ మాట అనేది మా అమ్మ ఒక్కతే అనుకోను. తెర మీద గీసిన బొమ్మలు కదిలితే అది పిల్లలదని, మనుషులు కనిపిస్తే పెద్దలదని అనుకోవడం మనలో చాలామందికి అలవాటు. ఆ అలవాటును పక్కన పెట్టి ఒక వీడియోను పిల్లలకు చూపించవచ్చా లేదా అని ఎలా తేల్చుకోవాలో, ఆ నెల తర్వాత నేను పాటిస్తున్న పద్ధతిని ఇక్కడ రాస్తున్నాను.

ఎవరి కోసం తీశారో మొదట తేల్చుకోవాలి

ఆ రాత్రి బిడ్డ పడుకున్నాక ఆ వీడియోల్లో ఒకదాన్ని మొదటి నుంచి చివరి దాకా చూశాను. దాదాపు పదకొండు నిమిషాల కథ, పేరులో "నీతి కథ" అన్న మాట ఉంది. పేదింటి నుంచి వచ్చిన కోడలు, రంగు తక్కువని ఆమెను ఈసడించే అత్త, నోరు మెదపని కొడుకు. మొదటి తొమ్మిది నిమిషాలలో కోడలికి తిండి పెట్టకపోవడం, పుట్టింటిని తిట్టడం, వానలో బావి దగ్గరికి పంపడం ఒకదాని వెంట ఒకటిగా వస్తాయి. చివరి అరనిమిషంలో అత్తకు జబ్బు చేస్తుంది, కోడలు సేవ చేస్తుంది, అత్త కన్నీళ్లు పెట్టుకుంటుంది, సహనమే గొప్పదని ఒక గొంతు చెబుతుంది. ఇది రాత్రి ఏడు గంటల సీరియల్ కథ. వంట చేస్తూ, బట్టలు మడతపెడుతూ వినే పెద్దవాళ్ల కోసం తయారైనది, ఖర్చు తగ్గుతుందని నటులకు బదులు బొమ్మలను పెట్టారు. నీతి అరనిమిషం, తిట్లు తొమ్మిది నిమిషాలు అయినప్పుడు ఏడేళ్ల పిల్లకు ఏది గుర్తుంటుందో మా వరండాలో కనిపించనే కనిపించింది. పీట మీద కూర్చున్న బొమ్మ అత్తే గానీ కోడలు కాదు. ఎవరి మాట చెల్లుతుందో పిల్ల వారినే అనుకరిస్తుంది.

బాపమ్మ చెప్పే కథలో రాక్షసుడు లేడా అని అమ్మ అడిగింది, అడగడం న్యాయమే. కాకపోతే కథ చెప్పే మనిషి పిల్ల కళ్లలోకి చూస్తూ చెబుతుంది. భయపడిందని తోస్తే రాక్షసుడి గొంతు తగ్గిస్తుంది, ఏడుపు మొహం పెడితే వాణ్ని అక్కడే చంపేస్తుంది. వీడియోకు ఆ చూపు లేదు కాబట్టి ఆ పని దాన్ని ఎంచుకునే పెద్దవాళ్ల మీద పడుతుంది.

ఇందుకు తలకిందులైనది కూడా ఉంది. పిల్లలు నటించిన వీడియో అంతా పిల్లల కోసం తీసింది కాదు. ఎనిమిదేళ్ల పిల్లవాడి చేత ప్రేమ విఫలమైన డైలాగులు, మందు డైలాగులు చెప్పించి పెద్దలను నవ్వించే వీడియోలు తెలుగులో కొల్లలు. వాటిలో నవ్వు పెద్దవాళ్లది, నోరు మాత్రమే పిల్లవాడిది.

యూట్యూబ్‌లో కొన్ని వీడియోలకు "పిల్లల కోసం రూపొందించినది" అన్న గుర్తింపు ఉంటుంది. అది ఎలా వచ్చిందో తెలిస్తే దానికి ఎంత విలువ ఇవ్వాలో తెలుస్తుంది. పిల్లల వివరాలను తల్లిదండ్రుల అనుమతి లేకుండా సేకరించారన్న అభియోగంపై 2019 సెప్టెంబరులో అమెరికాలో గూగుల్, యూట్యూబ్ సంస్థలు 17 కోట్ల డాలర్లు చెల్లించడానికి ఒప్పుకున్నాయి. ఆ తర్వాత 2020 జనవరి నుంచి, తమ వీడియో పిల్లల కోసమా కాదా అన్నది పెట్టేవాళ్లే ప్రకటించాలన్న నియమం వచ్చింది. అలా ప్రకటించిన వీడియోల కింద కామెంట్లు ఉండవు, చూసేవారి అలవాట్లను బట్టి వచ్చే ప్రకటనలు ఉండవు. అంటే అది వివరాల సేకరణకు సంబంధించిన ఏర్పాటు, కథ మంచిచెడులను ఎవరో కూర్చుని తూచి ఇచ్చిన పత్రం కాదు. బిస్కెట్ ప్యాకెట్ మీది ఆకుపచ్చ చుక్క అది శాకాహారమని చెబుతుంది, ఒంటికి మంచిదని చెప్పదు కదా.

ఓటీటీల సంగతి కొంత నయం. 2021లో కేంద్రం తెచ్చిన ఐటీ నిబంధనల ప్రకారం అవి తమ సినిమాలను, సిరీస్‌లను యు, యు/ఎ 7+, యు/ఎ 13+, యు/ఎ 16+, ఎ అని ఐదు తరగతులుగా విడదీసి చూపించాలి, 13+ నుంచి పై తరగతులకు తాళం వేసుకునే వీలు కల్పించాలి. ఆ తరగతిని కూడా సంస్థలే నిర్ణయించుకుంటాయన్నది గుర్తుంచుకోవాలి. పైగా పెద్దల సినిమాలోని ఒక నిమిషం ముక్కను ఎవరైనా కోసి షార్ట్స్‌లో పెడితే, ఆ ముక్క వెంట సర్టిఫికెట్ రాదు.

పది నిమిషాల వీడియోను నాలుగు నిమిషాల్లో చూడడం

ప్రతి వీడియోను మొదటి నుంచి చివరి దాకా చూసే తీరిక ఏ తల్లిదండ్రులకూ ఉండదు, అక్కర కూడా లేదు. మొదట వీడియోను తెరవకుండా దాన్ని పెట్టిన ఛానెల్ పేజీకి వెళ్లాలి. అక్కడ వరుసగా ఓ ఇరవై వీడియోల ముఖచిత్రాలను చూస్తే ఛానెల్ స్వభావం ఇట్టే తెలిసిపోతుంది. ఏడుస్తున్న మొహాలు, ఎర్రటి బాణం గుర్తులు, చేతిలో కర్ర పట్టుకున్న అత్తలు వరుసగా కనిపిస్తే, మీ పిల్ల చూస్తున్న ఆ ఒక్క వీడియో బాగున్నా ఆ పక్కనే ఉన్నది బాగుండదు. పిల్లలు ఒక వీడియో దగ్గర ఆగరు, ఛానెల్ మొత్తం వాళ్ల చేతికి వచ్చినట్టే లెక్క.

ఆ తర్వాత వీడియో తెరిచి మొదటి నిమిషం, నడుమ ఒక నిమిషం, చివరి నిమిషం చూడాలి. మొదటి నిమిషం అందరూ జాగ్రత్తగానే తీస్తారు కనుక తూకం వేయవలసింది నడిమి భాగాన్ని. బాగా చూసిన వీడియోలలో, కింద జరిగే గీత మీద వేలు పెడితే దాని పైన చిన్న గుట్టల్లాంటి ఆకారం కనిపిస్తుంది. జనం వెనక్కి జరిపి మళ్లీ మళ్లీ చూసిన చోటు ఎత్తుగా ఉంటుంది. ఆ గుట్ట కొస దగ్గరికి నేరుగా వెళ్లి చూడండి. అక్కడ పాట ఉందా, హాస్యం ఉందా, ఒకరిని ఒకరు కొట్టుకోవడం ఉందా అన్నది ఆ వీడియో దేని మీద నడుస్తోందో చెప్పేస్తుంది.

నాలుగో నిమిషం చూడడానికి కాదు, వినడానికి. ఫోన్‌ను బల్ల మీద బోర్లా పెట్టి, గది అవతల నిలబడి, ఒక నిమిషం వినండి. ఈ పరీక్ష నాకు వంటింట్లో ఉన్న నా భార్య వల్ల తెలిసింది. "ఆ వీడియోలో ఒక్కరన్నా మామూలుగా మాట్లాడతలేరు, అందరూ ఒర్లుడే" అని ఆమె అన్నదాకా నాకు తట్టలేదు. బొమ్మ కనిపిస్తున్నంతసేపు రంగులు కళ్లను కట్టేస్తాయి, ధ్వని ఒక్కటే మిగిలినప్పుడు అరుపులు, తిట్లు, గుండె అదిరే సంగీతం ఎంత ఉన్నాయో బయటపడుతుంది. రెండు మూడేళ్ల పిల్లల విషయంలో ఈ ఒక్క పరీక్ష చాలు.

షార్ట్స్, రీల్స్ విషయంలో ఈ పద్ధతి ఏదీ పనిచేయదు. మీరు పరీక్షించింది ఒకటి, వేలు జరపగానే వచ్చేది వేరొకటి. పదేళ్ల లోపు పిల్లలకు వాటిని అసలే ఇవ్వకూడదని నా అభిప్రాయం, దీని మీద బేరం లేదు.

దేనిని చూసి వద్దనాలి

అన్నిటికంటే ముందు చూడవలసింది, అందులో జరిగిన పనిని పిల్లలు ఇంట్లో ఉన్న వస్తువులతో చేయగలరా అన్నది. గదతో రాక్షసుడి తల పగలగొట్టిన దృశ్యాన్ని చూసి చాలామంది తల్లిదండ్రులు కంగారుపడతారు. నాకు దానికంటే, చెల్లెలిని ఆటపట్టించడానికి అన్న ఫ్రిజ్‌లో దాక్కున్న దృశ్యం, మెడకు చున్నీ చుట్టుకుని దయ్యంలా నటించిన దృశ్యం, మిద్దె పిట్టగోడ మీద నడిచిన దృశ్యం ఎక్కువ భయం. గద మన ఇంట్లో లేదు. ఫ్రిజ్, చున్నీ, పిట్టగోడ, గ్యాస్ లైటర్, వ్యవసాయ బావి ఉన్నాయి. ప్రాంక్ వీడియోలను, ఛాలెంజ్ వీడియోలను ఈ ఒక్క ప్రశ్నతోనే సగానికి సగం తీసేయవచ్చు.

రెండోది, నవ్వు ఎవరి మీద అన్నది. నల్లగా ఉన్నవాళ్లు, లావుగా ఉన్నవాళ్లు, నత్తి ఉన్నవాళ్లు కనిపించగానే వెనుక నుంచి నవ్వుల ధ్వని వస్తుంటే అది హాస్యం పేరుతో చేసే వెక్కిరింత, మర్నాడు అది బడిలో తోటి పిల్లల మీదికి వెళుతుంది. ఇక్కడ మన ప్రాంతం వాళ్లకు మరొక చిక్కు ఉంది. "గిట్ల", "గట్ల", "ఏందిరా భయ్" అని వినపడగానే అది మొరటు వీడియో అని తీర్మానించే తల్లిదండ్రులను వరంగల్‌లోనే చూశాను. యాస బూతు కాదు. ములుగు దగ్గరి ఊళ్లో తాతామనుమలు మాట్లాడుకునే వీడియో, భాష శుభ్రంగా ఉన్న అత్తాకోడళ్ల వీడియో కంటే వేయి రెట్లు మేలు కావచ్చు. జల్లెడ పట్టవలసింది అసలైన తిట్లను, ఆడవాళ్ల శరీరాల మీద వేసే మాటలను, దొంగకూ పనివాడికీ మాత్రమే మన యాస పెట్టి హీరోకు పెట్టని కథలను. అలాగే పండుగ పూట ఇంటిల్లిపాదీ కూర్చున్న చోట కల్లు ముంత కనిపించడం, స్నేహితులు పందెం వేసుకుని బీరు సీసాలు ఖాళీ చేయడం ఒకటి కావు. మొదటిది పిల్లలు మేనమామ పెళ్లిలో చూసేదే, రెండోది పౌరుషంగా నేర్పేది.

మూడోది, అది ఏమైనా అమ్ముతోందా అన్నది. బొమ్మల పెట్టె విప్పి చూపించే వీడియో ఇరవై నిమిషాల ప్రకటనే. చిన్న పిల్లలకు ప్రకటనకూ కథకూ తేడా సరిగా తెలియదు. కాస్త పెద్ద పిల్లల దగ్గర ఇది ఇంకా ముదురుతుంది. పరకాలలో ఉండే మా అక్క కొడుకు పదకొండేళ్లవాడు ఒకనాడు "మామా, నీకు ఐడీ ఉన్నదా, ఐదు వందలు పెడితే రెండు వేలు అయితయట" అన్నాడు. వాడు చూస్తున్నది ఆటల వీడియో, చివర్లో చెప్పింది బెట్టింగ్ యాప్ గురించి. పందెం యాప్‌లను ప్రచారం చేశారని 2025 మార్చిలో హైదరాబాద్‌లో పోలీసులు పలువురు యూట్యూబర్ల మీద, నటుల మీద కేసులు పెట్టారు. అదే ఏడాది ఆగస్టులో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ పార్లమెంటు చట్టం చేసింది. ప్రచారాలు వేషం మార్చుకుని వస్తూనే ఉంటాయి కనుక, ఆటల వీడియోలకు చివరి నిమిషమూ కింద రాసిన వివరణలోని లింకులూ తప్పనిసరిగా చూడాలి.

వేషం మార్చుకోవడమంటే గుర్తొచ్చింది, 2017లో ప్రపంచమంతటా పిల్లలకు బాగా తెలిసిన కార్టూన్ పాత్రల రూపాలతో హింస, వికారపు దృశ్యాలు ఉన్న వీడియోలు వేల సంఖ్యలో బయటపడి యూట్యూబ్ వాటిని తొలగించవలసి వచ్చింది. తెలిసిన పాత్ర కనిపించినా, పెట్టిన ఛానెల్ అసలు సంస్థదేనా అని ఒకసారి చూసుకోవడం మంచిది.

వయసు, సమయం

నాలుగేళ్ల పిల్లకు కల, నిజం వేరువేరు కావు. పగలు చూసి నవ్విన దయ్యం రాత్రి మంచం కిందికి వస్తుంది. ఏడెనిమిదేళ్లవారికి కథ అర్థమవుతుంది గానీ, పదే పదే చూసిన దాన్ని లోకరీతి అనుకుంటారు. పది దాటినవారికి స్నేహితులు చూసేదే కావాలి, వారికి వద్దు అని చెప్పడంకంటే పక్కన కూర్చుని చూసి ఎందుకు నచ్చలేదో చెప్పడం నయం. సమయం విషయంలో భారత శిశువైద్యుల సంఘం 2021లో ఇచ్చిన సూచనలు స్పష్టంగా ఉన్నాయి: రెండేళ్ల లోపు పిల్లలకు బంధువులతో అప్పుడప్పుడు వీడియో కాల్ తప్ప తెర వద్దు, రెండు నుంచి ఐదేళ్లకు రోజుకు గంట మించకూడదు, ఐదు నుంచి పదేళ్లకు రెండు గంటల లోపు ఉండాలి. అన్నం తినిపించడానికి ఫోన్ ఇవ్వడం ఈ లెక్కలో ఎక్కడా కుదరదు. మా ఇంట్లో అది మానడానికి మూడు వారాలు పట్టింది.

ఇంట్లో ఒకే ఫోన్ ఉన్నప్పుడు

తల్లిదండ్రుల కోసం రాసే సలహాలన్నీ పిల్లకు వేరే టాబ్లెట్ ఉందనుకుని రాసినట్టుంటాయి. మన ఇళ్లలో ఫోన్ బాపమ్మది, చూసే పిల్లలు ముగ్గురు. యూట్యూబ్ ఆ ఫోన్‌లో ఎవరు చూసినా ఒకే మనిషి చూసినట్టు లెక్కగట్టి, అమ్మ చూసిన సీరియల్‌ను బట్టి పిల్లకు, పిల్ల చూసిన పాటను బట్టి అమ్మకు వీడియోలు పంపుతుంది. కిందటి దసరా సెలవుల్లో బిడ్డ బతుకమ్మ పాటలు పెట్టుకుని చప్పట్లు కొడుతూ తిరుగుతుంటే, నాలుగో పాట తర్వాత దానంతట అదే బావా మరదళ్ల సరసపు డీజే పాట మొదలైంది. జానపదంలో సరసం పాతదే, నాట్లు వేసేవారు పాడుకున్నదే. అయితే ఆ చిత్రీకరణలో మరదలిగా ఉన్న అమ్మాయి మీద కెమెరా తిరిగిన తీరు చూసి నేనే లేచి ఆపాను.

అందుచేత మొట్టమొదట సెట్టింగ్స్‌లో ఆటోప్లే ఆపేయాలి. తర్వాత అదే ఫోన్‌లో యూట్యూబ్ కిడ్స్ వేరుగా వేసుకోవాలి. మన దేశంలో అది 2016 నుంచి ఉంది. నాలుగేళ్ల వరకు, ఐదు నుంచి ఎనిమిది, తొమ్మిది నుంచి పన్నెండు అని మూడు స్థాయులు ఉంటాయి. అక్కడ వడపోత ఎక్కువగా యంత్రమే చేస్తుంది కనుక వాటికంటే నాలుగో మార్గం మేలు. పెద్దవాళ్లు అనుమతించిన ఛానెళ్లు, వీడియోలు మాత్రమే కనిపించేలా పెట్టుకునే వీలు అందులో ఉంది, అలా పెట్టుకుంటే వెతికే వీలు కూడా పోతుంది. మా బిడ్డకు నేను తొమ్మిది ఛానెళ్లు ఎంచడానికి రెండు ఆదివారాలు పట్టాయి. విసుగొచ్చే పనే, ఒక్కసారి చేస్తే ఆర్నెల్లు చూసుకోనక్కర లేదు. ఓటీటీలలో పిల్లల ప్రొఫైల్ పెట్టినంత మాత్రాన సరిపోదు, పెద్దల ప్రొఫైల్‌కు పిన్ పెట్టాలి, ఆ పిన్ పిల్ల పుట్టిన సంవత్సరం కాకూడదు. మా అక్క కొడుకు దాన్ని రెండో ప్రయత్నంలోనే కనిపెట్టాడు.

బాగా లేని వీడియో ఎదురైతే పక్కన ఉన్న మూడు చుక్కలు నొక్కి ఆ ఛానెల్‌ను సూచించవద్దని చెప్పవచ్చు, ఫిర్యాదు కూడా అక్కడే చేయవచ్చు. పిల్లలను లైంగికంగా చూపించిన వీడియో అయితే అది పోక్సో, ఐటీ చట్టాల కింద నేరం. దాన్ని ఎవరికీ, "చూడండి ఎంత ఘోరమో" అని కూడా, పంపకుండా జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు చేయాలి. పిల్లల సహాయానికి 1098 నంబరు ఉంది.

చూసిన తర్వాత అరగంట

ఇన్ని పరీక్షలు చేశాక కూడా పొరపాటు జరుగుతుంది. చివరి తీర్పు పిల్లదే. వీడియో కట్టేశాక అరగంట ఏమీ అడగకుండా దాని ఆట చూడండి. తర్వాత అన్నం దగ్గర "ఇందాక చూసిన కథ చెప్పు బిడ్డా" అనండి. కథను మొదలు, నడుమ, చివర కలిపి చెబితే ఆ వీడియో దాని వయసుకు సరిపోయినట్టే. కథ పోయి కొట్టుకోవడం ఒక్కటే మిగిలితే, లేదా చెప్పడానికి సిగ్గుపడితే, మీరు ఎంత మెచ్చి పెట్టిన వీడియో అయినా తీసేయవలసిందే. నేను ఎంతో శ్రద్ధగా ఎంచిన పురాణ కథల ఛానెల్ ఒకటి ఇలాగే పోయింది, అందులో శాపాలు తప్ప మా బిడ్డకు ఇంకేమీ గుర్తుండలేదు.

అమ్మ ఫోన్‌లో అత్తాకోడళ్ల కథలు ఇప్పటికీ ఉన్నాయి. వాటిని తీసేయమని నేను చెప్పలేదు, చెప్పినా ఆమె వినదు. బిడ్డ పడుకున్నాక చెవుల్లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని వరండాలో కూర్చుంటుంది, కోడలికి అన్యాయం జరిగిన చోట "నీ పాపం పండుతదే" అని అత్తను తిడుతుంది. ఆ గొంతు మాత్రం కాస్త తగ్గించమని నిన్ననే చెప్పాను.